పాలోళ్ల పిల్ల లెక్కలు

"సోమవారం నుంచి ఇది బడికి పోదు. ఇగ ఈ ముచ్చట ఇంట్ల ఎవ్వరూ ఎత్తొద్దు," అన్నాడు గోవర్ధన్.

ఎత్తొద్దన్న ముచ్చటను పొద్దున్నుంచి ఎత్తుతున్నది ఆయనొక్కడే. బర్రెలకు దాణా కలుపుతూ ఎత్తాడు. స్నానం చేసి వచ్చి ఎత్తాడు. ఇప్పుడు చాయ్ గ్లాసు పట్టుకుని మళ్లీ ఎత్తాడు. గ్లాసులో చాయ్ చల్లారి మీగడ కట్టింది.

వంటింట్లో ఆయన భార్య స్వరూప తోమిన గిన్నెలనే మళ్లీ తోముతోంది. మొగుడితో మాట్లాడటం మానేసిన రోజు ఆమె కోపమంతా గిన్నెల మీద పోతుంది. ఆ చప్పుడును బట్టే గౌలిపురలో ఆ గల్లీ వాళ్లకు ఇంట్లో సంగతి తెలిసిపోతుంది.

ఒక్కగానొక్క బిడ్డ పూజిత గోడకు ఆనుకుని కూర్చుంది. నిన్న హెడ్‌మాస్టర్ గదిలోంచి తండ్రి వెనకాలే ఇంటికి వచ్చిన పిల్ల. రాత్రి అన్నం తినలేదు, పొద్దున చాయ్ ముట్టలేదు.

"ఒక్కటే అడుగుతున్న. నా మొఖం చూసి చెప్పు. చూసి రాసినవా?"

"లేదు బాపు."

"మరి సార్ టేబుల్ మీద పెట్టిండు గద పేపర్. ఐదు జవాబులు కరెక్ట్. చేసిన లైను మాత్రం ఒక్కటి లేదు. మిగిలినయన్నీ ఖాళీ. గా ఐదు యాడికెల్లి వచ్చినయ్?"

పూజిత చున్నీ కొసను వేలికి చుట్టుకుంది.

"చెప్పు!"

"నేనే చేసిన."

"ఎట్ల చేసినవ్?"

దానికి జవాబు రాలేదు. ఆ జవాబు రాకపోవడమే గోవర్ధన్‌ను మండిస్తోంది. పాలల్లో నీళ్లు కలిపాడని ఇన్నేళ్లలో ఒక్కరి చేత అనిపించుకోని మనిషి. అలాంటిది బిడ్డ చూసి రాసిందని నలుగురి ముందు అనిపించుకుని వచ్చాడు. పదో తరగతి ప్రీ-ఫైనల్ పరీక్షలో తప్పి ఉంటే తిట్టి ఊరుకునేవాడు. దొంగతనం అన్న మాట మాత్రం ఆయనకు మింగుడుపడటం లేదు.

గిన్నెల చప్పుడు ఆగింది. స్వరూప చెంగుతో చేతులు తుడుచుకుంటూ గడప దాకా వచ్చింది.

"హెడ్‌మాస్టర్ రెండు మాటలన్నడు. నువ్వు పొద్దటి సంది ఒక్కటే చెప్తున్నవ్."

"ఏంది రెండోది?"

"సోమవారం వచ్చి అందరి ముందట బోర్డు మీద చేసి చూపిస్తే పరీక్ష రాయనిస్తమన్నడు. గది చెప్పవేంది?"

"చేస్తదా? చేసేదైతే పేపర్ మీదనే చేసేది. ఇంకోపారి పోయి, క్లాసు పిల్లలందరి ముందట ఇజ్జత్ పోగొట్టుకొని రావాల్నా? వద్దు. ఫలక్‌నుమల చెల్లె మిఠాయి దుకాణం ఉన్నది. కౌంటర్ల కూసుంటది. ఇంటి మనిషి దొరికిందని అది సంబరపడ్తున్నది."

"నేను కౌంటర్ల కూసోను," అంది పూజిత.

అంతసేపటికి పిల్ల నోట్లోంచి వచ్చిన గట్టి మాట అదే. గోవర్ధన్ తల తిప్పి చూశాడు.

"మరేం చేస్తవ్?"

"పశువుల డాక్టరు కోర్సుకు పోత."

"దానికి ముందుగాల టెన్త్ పాస్ గావాలె బిడ్డా. లెక్కలతోని సహా."

"అయిత."

ఆ ధీమా ఎక్కడినుంచి వచ్చిందో పూజితకే తెలియదు. కానీ అంది. మంచం మీద కూర్చుని వత్తులు చేసుకుంటున్న నాయనమ్మ ఎల్లమ్మ ఆ మాట విని మనవరాలి వైపు మెచ్చుకోలుగా చూసింది.

సరిగ్గా అప్పుడే గుమ్మం దగ్గర చెప్పులు విడిచింది సుజన. పక్క గల్లీలో కరెంటు ఆఫీసు డానియేలు గారి అమ్మాయి. డిగ్రీలో లెక్కలు చదివి, మేడ మీద గదిలో ట్యూషన్ చెబుతుంది. దసరా నుంచి పూజిత ఆమె దగ్గరికే పోతోంది. ఆమెను చూసి గోవర్ధన్ లుంగీ సర్దుకున్నాడు, గొంతు మాత్రం తగ్గించలేదు.

"నీ దగ్గరికి పంపితే మంచి పేరే తెచ్చింది సుజనమ్మా."

"గది విన్నందుకే వచ్చిన అన్నా. ఇది చూసి రాసే పిల్ల గాదు."

"నువ్వెట్ల చెప్తవ్?"

"పక్కోళ్ల దాంట్ల చూసేటోళ్లు లైన్లు గూడ ఎత్తుకొస్తరు. ఒట్టి జవాబు ఎత్తుకొచ్చేటంత పాగల్‌గాళ్లు ఎవ్వరుండరు."

గోవర్ధన్‌కు ఆ మాట పట్టింది. పట్టినట్టు కనబడటం మాత్రం ఆయనకు ఇష్టం లేదు. చాయ్ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

సుజన చాప మీద కూర్చుని సంచిలోంచి కాగితం తీసింది. దాని మీద ఒక లెక్క రాసి పూజిత చేతికిచ్చింది.

3(x – 4) – 2(x – 5) = 7

"చెయ్యి పూజితా. బాపు గూడ చూస్తడు."

పూజిత కాగితం తీసుకుంది. తీసుకుని అందరికీ వీపు పెట్టి గోడ వైపు తిరిగింది. ఎడమ చెయ్యి అడ్డం పెట్టుకుంది. పెన్సిల్ కదిలింది. వెంటనే రబ్బరు కదిలింది. మళ్లీ పెన్సిల్, మళ్లీ రబ్బరు. చివరికి కాగితం తిరిగి ఇచ్చినప్పుడు దాని మీద లెక్క కింద మిగిలింది ఒక్క అంకె, ఇరవై తొమ్మిది. చుట్టూ రబ్బరుతో రుద్దిన నల్లటి మరక.

"తప్పు," అంది సుజన. "ఎట్ల వచ్చింది ఇరవై తొమ్మిది?"

"ఏమో అక్కా."

"చేసింది ఎందుకు చెరిపినవ్?"

పూజిత తల దించుకుంది.

"దసరా సంది చూస్తున్న అన్నా," సుజన గోవర్ధన్ వైపు తిరిగింది. "చిన్న లెక్కలు మనసుల చేస్తది. కరెక్ట్ వస్తయ్. పరీక్షల ఆ ఐదు గూడ గట్ల చేసినయే. పెద్దయి మనసుల పట్టయి గద. యాడ తప్పుతున్నదో చూద్దామంటే నా ముందట రాయదు. రాసింది చెరిపేస్తది. కనబడని తప్పును నేనెట్ల సరిజెయ్యాలె?"

"గదే నేనూ అడుగుతున్న. దాచుడెందుకు?" అన్నాడు గోవర్ధన్.

అంతలో వాకిలి నుంచి ఒక పిలుపు వచ్చింది.

"అమ్మా! ఆజ్ భైంస్ కిత్తా దూధ్ దీ?"

ఎదురింటి ముస్లిం పెద్దావిడ, గల్లీకంతా ఖాలా, అంటే పిన్ని. చేతిలో గిన్నె. ఈ పూట బర్రె ఎన్ని పాలిచ్చిందని అడగడం ఆమెకు ఊరికే పలకరింపు. ఏళ్ల తరబడి అడుగుతోంది.

ఎల్లమ్మ గబుక్కున మంచం దిగి పాల బిందె మీద గుడ్డ కప్పింది.

"ఊపర్‌వాలా జిత్తా దియా, ఉత్తా," అంది. దేవుడిచ్చినంత. ఏళ్ల తరబడి చెబుతున్న జవాబూ అదే.

తర్వాత వాకిలికి వీపు పెట్టి నిలబడి, ఎడమ చెయ్యి బిందె మీద అడ్డం పెట్టుకుని, ఖాలా గిన్నెలోకి పాలు కొలిచి పోసింది. ఖాలా వెళ్లిపోయింది. సుజన మాత్రం ఎల్లమ్మ వీపునే చూస్తూ ఉండిపోయింది. ఆ తిరిగి నిలబడటం, ఆ చెయ్యి అడ్డం పెట్టుకోవడం ఆమె ఇప్పుడే ఇంకొకరి దగ్గర చూసింది.

"పెద్దమ్మా, ఎన్ని లీటర్లో చెప్తే ఏమైతది?"

"ఏమైతదంటవేంది బిడ్డా! దిష్టి తగుల్తది. పాల లెక్క ఇంటి గడప దాటొద్దు. మా అత్త చెప్పింది, వాళ్ల అత్త చెప్పింది. పాలోళ్లం మేము. మా ఇండ్లల్ల ఎవ్వరూ చెప్పరు."

"నేను చెప్పిన," అంది పూజిత.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"చిన్నప్పుడు. మా మల్లి పన్నెండు లీటర్లు ఇస్తదని ఖాలాకు చెప్పిన. తెల్లారి మల్లికి పొదుగు వాచింది. పాలు ఎండిపోయినయ్. నాయనమ్మ కొట్టింది. నీ లెక్కతోనే బర్రె పాడైంది, ఇంకోపారి నోరు తెరిస్తే చూడు అన్నది."

ఎల్లమ్మ మొహం వెలవెలబోయింది. మరుక్షణమే కోపం తెచ్చుకుంది. ఓడిపోతున్నప్పుడు ఎల్లమ్మకు అక్కరకొచ్చేది కోపమే.

"నేను పాల లెక్క అన్న! బడి లెక్క గూడ అన్ననా? గంత పెద్దగైనవ్, ఆమాత్రం తెల్వదా?"

"తెలుసు నాయనమ్మా. ఇప్పుడు తెలుసు. అయినా ఎవరన్న చూస్తుంటే చెయ్యి ఆడదు. తప్పు పడితే చూస్తరేమోనని చెరిపేస్త. చెరిపినంక యాడ తప్పిన్నో నాకు గూడ తెల్వది."

ఆ ఇంట్లో అంత సూటిగా ఎవరూ ఏదీ చెప్పి ఎరగరు. స్వరూప వచ్చి బిడ్డ పక్కన కూర్చుని తల నిమిరింది. ఇన్నేళ్లు ఒకే కప్పు కింద ఉండి ఈ సంగతి తనకు తెలియకపోయిందే అని ఆమెకు ఏడుపొచ్చింది.

గోవర్ధన్ లేచాడు. "మంచిగున్నది కథ. సార్ ముందట గీ బర్రె కథ చెప్తే నవ్వుతడు."

"కథ గాదు బాపు."

"సోమవారం చూద్దాం. బోర్డు మీద చెయ్యకపోతే బడికెల్లి సీదా ఫలక్‌నుమ. మళ్ల నన్ను ఏమనొద్దు."

తువ్వాలు భుజాన వేసుకుని కొట్టంలోకి పోయాడు. నమ్మాడో లేదో ఎవరికీ అర్థం కాలేదు. పూజితకు మాత్రం నమ్మలేదనే అనిపించింది.

* * *

ఆ సాయంత్రం మేడ మీద గదిలో సుజన ఒకే ఒక నియమం పెట్టింది. రబ్బరు బయట, చెప్పుల దగ్గర వదిలేసి రావాలి.

"తప్పైతే ఒక్క గీత గియ్యి. దాని కింద మళ్ల రాయి. కొట్టేసింది గూడ కనబడాలె."

"నవ్వుతరు అక్కా."

"ఎవరు? నేనా? నాకు డిగ్రీ ఫస్టియర్ల లెక్కలు పోయినయ్ పూజితా. నేను యాడ నవ్వుత?"

అయినా పెన్సిల్ కదల్లేదు. సుజన కిటికీ దగ్గరికి పోయి బయటికి చూస్తూ నిలబడింది. అప్పుడూ కదల్లేదు. చెయ్యి తనంతట తానే కాగితానికి అడ్డం పోతోంది. చివరికి పూజిత పెన్సిల్ కింద పెట్టేసి, "నాతోని గాదు," అంది.

ఇంటికి వచ్చి కొట్టంలో గంగ మెడ మీద తల పెట్టుకుని నిలబడింది. గంగ అంటే ఇప్పటి పెద్ద బర్రె. బడిలో ఏ సారుకూ చెప్పలేనివన్నీ పూజిత దాని చెవిలో చెబుతుంది.

ఎల్లమ్మ పేడ తట్ట పట్టుకుని వచ్చి, మనవరాలిని చూసి అక్కడే ఆగిపోయింది.

"రాలేదా?"

"రాలే."

ఎల్లమ్మ తట్ట అక్కడే పెట్టేసి వెనక్కి పోయింది.

తెల్లవారి పాల వేళకు గల్లీ అంతా వాకిట్లోనే ఉంది. ఖాలా ఉంది. చాయ్ హోటల్ మనిషి ఉన్నాడు. కిరాణా దుకాణం గుండయ్య క్యాను పట్టుకుని నిలబడ్డాడు. ఎప్పటిలాగే ఖాలా అడిగింది, "అమ్మా, ఆజ్ భైంస్ కిత్తా దూధ్ దీ?"

ఎల్లమ్మ బిందె మీద గుడ్డ తీసేసింది.

"పూజితా, ఇటు రా."

పూజిత జడ అల్లుకుంటూ వచ్చి నిలబడింది.

"సున్ ఖాలా. ఇయ్యాల పొద్దుగాల గంగ ఆరు లీటర్లు ఇచ్చింది. చిన్నది ఐదు."

కొట్టంలో గోవర్ధన్ చేతిలోంచి పలుపు జారిపోయింది. అందరికన్నా ముందు తేరుకున్నది ఖాలాయే.

"క్యా హువా అమ్మా? తబ్యత్ ఠీక్ హై నా?" అంది, ఒంట్లో బాగానే ఉందా అన్నట్టు.

"ఠీక్ హై. ఆరు, ఐదు, పదకొండు. కరెక్టేనా పూజితా?"

"కరెక్టే నాయనమ్మా," అంది పూజిత. గొంతు సగమే వచ్చింది.

"గట్టిగ చెప్పు. గుండయ్యకు ఇనబడలే."

"పదకొండు లీటర్లు!"

గుండయ్యకు ఏం చెయ్యాలో తోచక తలూపాడు. గోవర్ధన్ పరిగెత్తుకొచ్చి, "అవ్వా! నీకేమన్న అయిందా? అందరి ముందట..." అన్నాడు.

"ఏం గాలే. లెక్క చెప్పిన. నేను కట్టిన ముడి, నేనే ఇప్పుకుంటున్న. నువ్వు పోయి పలుపు పట్టుకో, దూడ ఇడుసుకపోతది."

ఆ మాట అంది గానీ ఎల్లమ్మ చూపు బర్రెల మీంచి కదల్లేదు. అందరూ పోయాక కొట్టంలోకి పోయి, గుప్పెడు ఉప్పు తీసి రెండు బర్రెల చుట్టూ గట్టిగా తిప్పి పారబోసింది. ఆ మాత్రం జాగ్రత్త వద్దని ఇంట్లో ఎవరూ అనలేదు.

పూజిత వెనకనుంచి వచ్చి ఆమెను కావలించుకుంది.

"భయమైతలేదా నాయనమ్మా?"

"మస్తు అయితున్నది. అయినా చెప్పిన గద. ఇగ నీ వంతు."

* * *

ఆ రోజు మేడ మీద పూజిత గోడ వైపు తిరగలేదు. సుజన ఎదురుగానే కూర్చుంది. చెయ్యి అడ్డం పోబోతే, రెండో చేత్తో దాన్ని పట్టుకుని ఒళ్లో పెట్టుకుంది. అదే పాత లెక్క. లైను కింద లైను రాసుకుంటూ పోయింది. మళ్లీ ఇరవై తొమ్మిదే వచ్చింది.

కానీ ఈసారి లైన్లున్నాయి. సుజన వాటి మీద వేలు పెట్టి నడిపించి, రెండో లైను దగ్గర ఆపింది.

"మైనస్ రెండుతోని మైనస్ ఐదును గుణిస్తే ఎంత?"

"మైనస్ పది."

"మైనస్, మైనస్?"

పూజిత కళ్లు పెద్దవయ్యాయి. "ప్లస్! ప్లస్ పది!"

తప్పు మీద ఒక గీత గీసింది. గీస్తుంటే కొంచెం జంకింది, గీశాక ఏమీ కాలేదు. కింద మళ్లీ రాసింది. జవాబు తొమ్మిది వచ్చింది. తొమ్మిదిని పైన లెక్కలో పెట్టి చూసుకుంది. మూడు ఐదులు పదిహేను, అందులోంచి ఎనిమిది పోతే ఏడు. సరిపోయింది.

"గిదొక్కటేనా అక్కా?"

"ఇంకోటి చేసి చూడు."

ఇంకోటి చేసింది. ఇంకా ఇంకా చేసింది. నాలుగైదు చోట్ల తప్పింది. సగానికి పైగా తప్పులు అక్కడే పడ్డాయి, బ్రాకెట్టు ముందు మైనస్ ఉన్న చోట. సుజన ఏమీ చెప్పకుండానే కాసేపటికి పూజిత ఆ చోటికి రాగానే తనే ఆగి, ఒకసారి చూసుకుని ముందుకు పోవడం మొదలుపెట్టింది.

"ఇన్ని దినాలు నాకు లెక్కలు రావనుకున్న అక్కా," అంది, గదిలో ఇంకెవరూ లేకపోయినా గట్టిగా. "లెక్కలు రాకపోవుడు గాదు. బ్రాకెట్ ముందట మైనస్ రాదు. గంతే!"

సుజన నవ్వింది. నాలుగు నెలలుగా చూడాలనుకుంటున్న మొహం ఆమెకు ఆ పూట కనిపించింది.

"ఇంకా ఉన్నయ్ తియ్. సంభావ్యత నీకు సగమే వచ్చు. కోణాల దగ్గర తొందరపడ్తవ్. కానీ ఇగ దొరుకుతయ్. ఒక్కొక్కటి పట్టుకుందాం."

ఆదివారం గంగ పాలు కొంచెం తగ్గాయి. ఎల్లమ్మ ఆ సంగతి కూడా గల్లీకి చెప్పేసింది, ఎండల మీదికి నెపం నెట్టి. బిడ్డ చాప మీద కూర్చుని లైను కింద లైను రాస్తుంటే, గోవర్ధన్ అటూ ఇటూ పోతున్నట్టు పోతూ ఒకటికి రెండుసార్లు తొంగి చూశాడు. అడిగిందీ లేదు, మెచ్చుకున్నదీ లేదు. రాత్రి చెల్లెలికి ఫోన్ చేసి, "ఎల్లుండి సంది వస్తదేమో, జాగ ఉంచు," అన్నాడు. ఆ మాట పూజిత చెవిన పడింది.

* * *

సోమవారం క్లాసు గదిలో పిల్లలంతా కూర్చున్నారు. హెడ్‌మాస్టర్ బాబురావు కుర్చీ వేయించుకుని కిటికీ పక్కన కూర్చున్నారు. లెక్కల సారు వెంకటనారాయణ బోర్డు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆయన చెడ్డవాడేమీ కాదు. ఏటేటా చూసి రాసేవాళ్లను పట్టుకుని పట్టుకుని విసిగిపోయిన మనిషి. గుమ్మం దగ్గర గోవర్ధన్, పక్కన ఎల్లమ్మ. ఇంట్లో ఉండమంటే ఆమె వినలేదు. పాలకు వచ్చేవాళ్ల కోసం స్వరూప ఇంటి దగ్గర ఆగిపోయింది.

"ఈ లెక్క ఏ పుస్తకంలోనూ లేదు. ఇప్పుడే అనుకున్నాను," అన్నారు వెంకటనారాయణ సారు. "మీ బర్రెల కొట్టమే అనుకో అమ్మా. పొడవు వెడల్పు కన్నా మూడు మీటర్లు ఎక్కువ. వైశాల్యం నలభై చదరపు మీటర్లు. వెడల్పెంత? జవాబొక్కటే చెబితే కుదరదు. చేసిన దారి కావాలి."

బర్రెల కొట్టం అనగానే వెనక బెంచీల్లో నవ్వులు. పూజిత సుద్దముక్క తీసుకుంది. జవాబు ఆమెకు మనసులో అప్పటికే వచ్చేసింది. ఐదు. మునుపైతే ఆ ఐదు రాసి కూర్చునేది.

వెడల్పు x అని రాసింది. పొడవు x + 3. రెండూ గుణిస్తే నలభై. లైను కింద లైను దిగింది.

x² + 3x – 40 = 0

x² – 8x + 5x – 40 = 0

(x – 8)(x + 5) = 0

x = 8

అక్కడ చెయ్యి ఆగింది. మనసు ఐదంటోంది, బోర్డు ఎనిమిదంటోంది.

"ఊఁ, ఆగావేం?" అన్నారు సారు.

ముందు బెంచీలో ఎవరో "తప్పు" అని గొణిగారు. ఇంకెవరో కిసుక్కుమన్నారు. హెడ్‌మాస్టర్ వాచీ చూసుకున్నారు. గోవర్ధన్ చూపు నేలకు దిగిపోయింది.

పూజిత చెయ్యి డస్టర్ మీదికి పోయింది. గుమ్మం దగ్గర ఎల్లమ్మ కళ్లు మూసుకుంది. ఒక్కసారి తుడిచేస్తే చాలు, ఆ ఎనిమిది ఉండదు, ఆ నవ్వులూ ఉండవు. డస్టర్ చేతిలోకి తీసుకుంది. తీసుకుని బోర్డు మీది ఎనిమిది వైపు చూసి, బల్ల మీద పెట్టేసింది.

"సార్, వెడల్పు ఎనిమిదైతే పొడవు పదకొండు," అంది గట్టిగా. "ఎనిమిది పదకొండ్లు ఎనభై ఎనిమిది. నలభై రావాలె. నాది యాడనో తప్పు పోయింది. చూస్తున్న."

నవ్వులు ఆగిపోయాయి. తన తప్పు తానే చెప్పి వెతుక్కునే పిల్లను చూసి ఏమని నవ్వాలో వాళ్లకు తెలియలేదు. పూజిత కింది నుంచి పైకి ఒక్కో లైను మీద వేలు పెట్టుకుంటూ పోయింది. రెండో లైను దగ్గర వేలు నిలిచింది.

"మైనస్ ఎనిమిది, ప్లస్ ఐదు కలిస్తే మైనస్ మూడైతది. నాకు ప్లస్ మూడు గావాలె. ఈ లైను తప్పు సార్."

ఆ లైను మీద ఒక గీత గీసింది. పక్కన మళ్లీ రాసింది.

x² + 8x – 5x – 40 = 0

(x + 8)(x – 5) = 0

"మైనస్ ఎనిమిదన్న గావాలె, ఐదన్న గావాలె. వెడల్పు మైనస్ ఉండదు. ఐదు సార్. పొడవు ఎనిమిది. ఐదు ఎనిమిదులు నలభై."

వెంకటనారాయణ సారు బోర్డు దగ్గరికి వచ్చారు. జవాబు వైపు చూడలేదు. గీత గీసిన లైనునే చాలాసేపు చూశారు.

"సార్?" అన్నారు హెడ్‌మాస్టర్.

"ఇలా చూసి రాయడం ఎవరి వల్లా కాదండీ," అన్నారు సారు నెమ్మదిగా. "పరీక్ష రాయనివ్వండి."

హెడ్‌మాస్టర్ లేచారు. హాల్ టికెట్ ఆఫీసులో తీసుకోమన్నారు. ఎల్లమ్మ చెంగుతో కళ్లు తుడుచుకుంది. పూజిత మొహం వెలిగిపోతోంది.

అప్పటిదాకా గుమ్మం బయట ఉన్న గోవర్ధన్ లోపలికి అడుగు పెట్టాడు.

"గట్ల పోతే ఎట్ల సార్? మొన్న అందరి ముందట నా బిడ్డను దొంగ అన్నరు. ఇయ్యాల గూడ అందరి ముందటనే చెప్పాలె. నా బిడ్డ చూసి రాయలేదని మీ నోటితోని చెప్పాలె. గప్పటిదాకా నేను ఈడికెల్లి కదల."

గొంతు పెద్దగా ఉంది. తలెత్తుకోవడానికి ఇన్నాళ్లకు ఒక సందు దొరికిన మనిషి ఎలా మాట్లాడతాడో అలా మాట్లాడుతున్నాడు. హెడ్‌మాస్టర్ ఏదో సర్దిచెప్పబోయారు. వెంకటనారాయణ సారు ఆయన్ను ఆపారు.

"ఆయన అడిగింది న్యాయమే. చెబుతాను."

సారు పిల్లల వైపు తిరిగి గొంతు సవరించుకున్నారు.

"ఆగుండ్రి సార్," అంది పూజిత.

సుద్దముక్క ఇంకా చేతిలోనే ఉంది. సారును దాటి, బెంచీల మధ్య నుంచి నడిచి, తండ్రి ముందు నిలబడింది.

"ముందుగాల నువ్వు చెప్పు బాపు."

"నేనా? నేనేం చెప్పాలె?"

"సార్‌కు నేను తెల్వది. పేపర్ చూసి అన్నడు. నీకు నేను తెలుసు గద. అయినా నమ్మలే. రాత్రి గూడ అత్తకు ఫోన్ చేసినవ్."

గోవర్ధన్ తన తల్లి వైపు చూశాడు. ఎల్లమ్మ ఈసారి ఏ మాటా అందించలేదు. గోవర్ధన్ ఫోన్ తీసి, అందరి ముందే చెల్లెలికి చేసి, "నా బిడ్డ చూసి రాయలే, దానికి జాగ ఉంచకు," అన్నాడు.